సైకిలుకు తీర్థజలం

దేవాలయం మెట్ల ముందు దీవెన కోసం వరుసగా నిలబెట్టిన సైకిళ్లు ముప్పై దాకా ఉన్నాయి. ఫాదర్ గారు తెల్లని పూజావస్త్రంతో మెట్లు దిగి వచ్చారు. వెనకే తీర్థజలం పాత్ర పట్టుకుని ఒక కుర్రవాడు. నీళ్లు పడతాయని అందరం తలలు వంచాం. ఆయన నీళ్లు చల్లలేదు. మొదటి సైకిలు దగ్గర వంగి, బ్రేకు నొక్కి చూశారు.

కుడి బ్రేకు, తరవాత ఎడమ బ్రేకు. ముందు చక్రాన్ని జానెడు పైకెత్తి ఒకసారి గిర్రున తిప్పి, చెవి ఒగ్గి విన్నారు. తృప్తి కలిగాకే పాత్రలో ఆకుల కొమ్మ ముంచి చిలకరించారు. అలా ఒక్కొక్క సైకిలూ చూసుకుంటూ వచ్చి, నా పక్కన నిలబడ్డ యువకుడి దగ్గర ఆగిపోయారు. అతని సైకిలు చైను ఎర్రగా తుప్పు పట్టి ఉంది. "బాబూ, దీనికి నూనె వేసి ఎన్నాళ్లయింది?" అని అడిగారు. అతను నీళ్లు నమిలాడు. "తీర్థజలమైనా నీళ్లు నీళ్లే. ఇనుము మీద పడితే తుప్పు పట్టక మానదు. ఇంటికి వెళ్లి శుభ్రంగా తుడిచి నూనె వెయ్యి. సగం దీవెన నేను ఇస్తాను, మిగతా సగం నీ చేతిలో ఉంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ యువకుడూ నవ్వాడు. నవ్వు ఆగకముందే అతని మీద నీళ్లు పడ్డాయి. నవ్వుతూనే సిలువ గుర్తు వేసుకున్నాడు.

నవ్వుతూ సిలువ గుర్తు వేసుకున్న ఆ మనిషి చాలా రోజులు నా కళ్లలో మెదిలాడు.

ఆ సాయంత్రం నాన్నగారికి ఫోన్లో ఈ సంగతి చెప్పాను. ఆయనకు నచ్చదని తెలుసు. మాది తీర్థజలం, పునీతుల పటాలు లేని సంఘం. వాక్యం, ప్రార్థన, కీర్తన, అంతే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "దీవెన మనుషులకమ్మా. ఇనుముకు చెవులున్నాయా వినడానికి?" అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోపే, "పైగా నవ్వారా? దేవుని సన్నిధిలో నవ్వులాటలా?" అన్నారు. కోపంగా కాదు, బాధగా.

మర్నాడు ఒక స్నేహితురాలికి చెప్పాను. ఆమెకు ఏ మతం మీదా నమ్మకం లేదు. ఆమె హాయిగా నవ్వి, "బాగుందే! సరదా కోసం చేస్తే తప్పేముంది? ఎవరూ నిజంగా నమ్మి చేయడం లేదు కదా" అంది. ఆ మాట నాన్నగారి బాధ కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఇద్దరూ రెండు వైపుల నుంచి ఒకే మాట అంటున్నారు. నవ్వు ఉన్నచోట నమ్మకం ఉండదని. ఒకరు అందుకే వద్దన్నారు, ఒకరు అందుకే పర్వాలేదన్నారు. నాకు ఇద్దరి మాటా తప్పనిపిస్తోంది.

ముందు నాన్నగారి ప్రశ్న చూద్దాం, అది బలమైనది. వస్తువును దీవించడమంటే ఏమిటి? పదహారో శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్తలు ఈ ప్రశ్ననే అడిగారు. నీళ్లలో, ఉప్పులో, కొవ్వొత్తిలో ఏదో శక్తి చేరిందని జనం నమ్మడం, దాన్ని తాయెత్తులా వాడుకోవడం వాళ్లు కళ్లారా చూశారు. అందుకే చాలా సంఘాలు వస్తువుల దీవెనలను పక్కన పెట్టేశాయి. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. సైకిలుకు దీవెన అయింది కాబట్టి ఇక హెల్మెట్ అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే, ఆ రోజే ఆ ఆచారాన్ని ఆపేయాలని నేనూ అంటాను. దేవాలయ శిఖరం మీది నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని శోధకుడైన సాతాను చెప్పినప్పుడు యేసు దూకలేదు. దేవుణ్ని పరీక్షించకూడదన్నాడు.

కానీ దీవెన పుస్తకాలను తెరిచి చదివితే, అవి తాయెత్తు మాటలు కావని తెలుస్తుంది. రోమను కతోలిక సంఘం ప్రార్థనా విధులను 1614లో ఒక గ్రంథంగా కూర్చింది. తరవాతి శతాబ్దాల్లో అందులోకి చేరిన దీవెనల జాబితా చదవడం నాకెంతో ఇష్టం. రొట్టెకు ఉంది, వెన్నకు ఉంది, బీరుకు ఉంది, తేనెటీగలకు ఉంది. రైలుకు, తంతి యంత్రానికి, విమానానికి ఉంది. భూకంపాలను నమోదు చేసే యంత్రానికి కూడా ఒక ప్రార్థన ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తరవాత ఒక్క క్షణం ఊహించి చూశాను. నేల కంపిస్తే గుర్తించడానికి ఒక గదిలో సూది కదులుతూ ఉంటుంది. దాని ముందు ఒక గురువు నిలబడి, ఈ యంత్రం మనుషుల మేలుకు ఉపయోగపడాలని అడుగుతాడు. నా నవ్వు చెరిగిపోలేదు. దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది.

ఆ గ్రంథంలో బండికి ఒక దీవెన ఉంది. నాకు అన్నింటికన్నా ప్రియమైనది అదే. బండిని దీవించే ప్రార్థనకు బైబిల్లో ఏ ఘట్టం ఎత్తుకుంటారు? ఏలీయాను ఆకాశానికి తీసుకెళ్లిన అగ్నిరథం అయితే ఘనంగా ఉండేది. ప్రార్థన రాసినవారు దాన్ని తీసుకోలేదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలోని ఐతియొపీయుణ్ని, అంటే ఇథియోపియా మనిషిని, గుర్తు చేసుకున్నారు. కందాకే రాణి ఖజానాకు అధికారి. యెరూషలేము నుంచి గాజాకు దిగే దారిలో, రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ ఇంటికి వెళుతున్నాడు. చదివింది అర్థం కాలేదు. సువార్త చెప్పే ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వచ్చి బండి పక్కన చేరాడు. ఎక్కి కూర్చోమన్నాడు ఆ అధికారి. ఇద్దరూ మాట్లాడుకుంటూ కొంత దూరం వెళ్లారు. దారిలో నీళ్లు కనిపించాయి, అక్కడే బాప్తిస్మం పొందాడు. ఆ తరవాత అతను సంతోషంగా తన దారిన వెళ్లిపోయాడని ఉంటుంది. బండిని దీవించేటప్పుడు సంఘం తలుచుకునేది ఆ మనిషిని. వేగాన్ని కాదు, విజయాన్ని కాదు. దారిలో కలిసిన తోడును, ఇంటికి సంతోషంగా చేరడాన్ని.

ఇది ఇనుముతో మాట్లాడటం కాదు. ఇనుము మీద కూర్చునే మనిషి గురించి దేవునితో మాట్లాడటం. కతోలిక పీఠాధిపతులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధన పత్రం, వస్తువులను సక్రమంగా వాడుకునే పద్ధతుల్లో దేవుని స్తుతికి పనికిరానిది దాదాపు ఏదీ లేదని చెప్పింది. తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ, దేవుడు సృజించినదంతా మంచిదేననీ, కృతజ్ఞతతో పుచ్చుకుంటే వాక్యమూ ప్రార్థనా దాన్ని పవిత్రం చేస్తాయనీ ఉంది. అది నాన్నగారు పెన్సిలుతో గీత గీసుకున్న వచనమే. ఆయన భోజనానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు. అన్నానికీ చెవులు లేవు. మరి పళ్లెం ముందు చేసే ప్రార్థన సైకిలు ముందు ఎందుకు చేయకూడదు? ఈ ప్రశ్న ఆయనను అడిగాను. "ఆలోచిస్తాను" అన్నారు. నాన్నగారు ఆ మాట ఊరికే అనరు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. సంఘం మొదట్లో సైకిలును ఆదరించలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ కొత్త వాహనం వీధుల్లోకి వచ్చినప్పుడు, గురువులు అంగీ ఎగరేసుకుంటూ సైకిలు తొక్కడం హుందాతనానికి తగదని ఇటలీలో కొందరు పీఠాధిపతులు నిషేధం పెట్టారు. అదే ఇటలీలో 1949లో పన్నెండో పయస్ పోపు, గిసాల్లో కనుమ మీది మరియమాతను సైక్లిస్టుల రక్షకురాలిగా ప్రకటించారు. అయిదారు దశాబ్దాల్లో అంత దూరం వచ్చింది సంఘం. ఇప్పుడు వాటికన్ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యలో సభ్య దేశం కూడా. 2021లో చేరింది.

గిసాల్లో గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఉత్తర ఇటలీలో కోమో సరస్సు పక్కన, మగ్రెల్యో అనే ఊరి దగ్గర, సముద్ర మట్టానికి 754 మీటర్ల ఎత్తున ఆ చిన్న గుడి ఉంది. ఎక్కడం చాలా కష్టమైన దారి. పూర్వం ఒక ప్రభువును దొంగలు వెంబడిస్తే, అక్కడున్న మరియమాత పటం దగ్గరికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడనీ, అతని పేరే ఆ చోటుకు వచ్చిందనీ చెప్పుకుంటారు. దారిలో ఉన్నవాళ్లను కాపాడే తల్లిగా ఆమెకు పేరు వచ్చింది. కొండ ఎక్కి అలసిపోయిన సైక్లిస్టులు అక్కడ ఆగి ఊపిరి తీసుకోవడం మామూలే కాబట్టి, వాళ్లకూ ఆమే తల్లి అయింది. లొంబార్డియా సైకిలు పందెం ఆ దారిన సాగినప్పుడు, సైక్లిస్టులు గుడి ముందు నుంచి వెళుతుంటే గంటలు మోగిస్తారు.

గుడి లోపల గోడలకు సైకిళ్లు వేలాడుతుంటాయి. జినో బార్తాలి, ఫౌస్తో కోప్పి, ఎడ్డీ మెర్క్స్ వంటి మహామహులు తొక్కినవి. పందేల్లో గెలిచినవాళ్ల జెర్సీలు, ఫొటోలు, చనిపోయిన సైక్లిస్టుల కోసం ఆరకుండా వెలిగే దీపం కూడా అక్కడ ఉన్నాయి. వీటి మధ్య ఒక వంగిపోయిన సైకిలు ఉంటుంది. ఫాబియో కసార్తెల్లిది. 1992 బార్సెలోనా ఒలింపిక్స్‌లో రోడ్డు పందెంలో బంగారు పతకం గెలిచిన యువకుడు, ఆ కోమో ప్రాంతం వాడే. 1995 జులై 18న టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో, పిరెనీస్ పర్వతాల్లో పోర్తె దాస్పె కనుమ దిగుతూ పడిపోయాడు. తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. 24 ఏళ్లు. మర్నాడు ఎవరూ పందెం వేయలేదు. అందరూ కలిసి నెమ్మదిగా తొక్కారు, గీత దాటేటప్పుడు అతని జట్టువాళ్లను ముందుకు పంపారు.

గెలిచిన సైకిళ్ల పక్కనే ఆ వంగిన సైకిలును ఉంచడం చాలా పెద్ద మాట అనిపిస్తుంది నాకు. మరియమాత కాపాడుతుందని నమ్మే చోటే, కాపాడబడని మనిషి సైకిలు ఉంది. దాన్ని దాచేయలేదు. మా దీవెన ఫలించలేదని ఎవరైనా వేలెత్తి చూపుతారని భయపడలేదు. దీవెన అంటే ప్రమాదానికి బీమా అని అక్కడివాళ్లు ఎప్పుడూ అనుకోలేదు కాబట్టే, ఆ సైకిలును అంత ప్రేమగా గోడకు తగిలించగలిగారు.

బార్తాలి గురించి చెప్పకుండా ఉండలేను. 1938లో, మళ్లీ పదేళ్ల తరవాత 1948లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాడు. పూజ తప్పని భక్తుడు, ఇటలీ వాళ్లు అతన్ని 'భక్త జినో' అని పిలిచేవారు. కొందరికి అది వెక్కిరింతే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, ఫ్లోరెన్స్ కార్డినల్ ఎలియా దల్లా కోస్తా అండతో నడిచిన రహస్య సహాయ బృందంలో అతనూ చేరాడు. యూదులను కాపాడే దొంగ గుర్తింపు పత్రాలను సైకిలు గొట్టాల్లో దాచి, సాధన పేరుతో ఊళ్లు దాటించేవాడు. బతికి ఉన్నంతకాలం దాన్ని గొప్పగా చెప్పుకోలేదు. అతను పోయాక, 2013లో యూదుల మారణహోమం స్మారక సంస్థ యాద్ వాషెం 'జాతుల్లో నీతిమంతుడు' గౌరవాన్ని ప్రకటించింది. సైకిలు గొట్టం లోపల చుట్టి పెట్టిన ఒక కాగితం, ఒక కుటుంబం ప్రాణం. ఇనుముకు పవిత్రత అంటదా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ గొట్టమే గుర్తొస్తుంది.

ఫ్రాన్స్‌లోనూ ఇలాంటి గుడి ఒకటి ఉంది. లబస్తీద్ దర్మన్యాక్ దగ్గర శిథిలమైన పాత ప్రార్థనాలయాన్ని, అబ్బె జోసెఫ్ మస్సీ అనే గురువు గిసాల్లో చూసి వచ్చిన ఉత్సాహంతో, 1959లో సైక్లిస్టుల మరియమాత గుడిగా నిలబెట్టాడు. లోపలంతా జెర్సీలే. రంగురంగుల గాజు కిటికీని రూపొందించిన ఆంరీ ఆంగ్లాద్ స్వయంగా సైక్లిస్టు, అదే 1959లో టూర్‌లో రెండో స్థానంలో వచ్చాడు. చెమటతో తడిసిన బట్టలను ఆరాధన స్థలంలో వేలాడదీయడం నాన్నగారు చూస్తే ఏమంటారో అడగలేదు. అడగాలి.

ఇప్పుడు నవ్వు సంగతి. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ద డివైన్ కథెడ్రల్‌లో 1999 నుంచి ఏటా వసంతకాలంలో సైకిళ్ల దీవెన జరుగుతోంది. అది ప్రపంచంలోని అతి పెద్ద చర్చిల్లో ఒకటి. ఆ మహా మందిరంలోకి జనం సైకిళ్లు నడిపించుకుంటూ వస్తారు. పందెం సైకిళ్లు, బుట్ట సైకిళ్లు, పిల్లల సైకిళ్లు. తీర్థజలం చిలకరిస్తారు. అందరూ ఒక్కసారిగా బెల్లులు కొడతారు. ఎత్తైన ఆ రాతి కప్పు కింద వందల సైకిలు బెల్లులు మోగితే పిల్లలే కాదు, పెద్దవాళ్లూ నవ్వుతారు. అయితే అదే ఆరాధనలో, గడిచిన ఏడాది రోడ్ల మీద ప్రాణాలు పోయిన సైక్లిస్టుల కోసం అందరూ మౌనం పాటిస్తారు. అంతా ఒకే గంటలో, ఒకే కప్పు కింద.

సరదాగా చేస్తే పర్వాలేదన్న నా స్నేహితురాలికి నేను చెప్పాలనుకునేది ఇదే. ఉత్త సరదాకు వచ్చినవాళ్లు మౌనం దగ్గర ఇబ్బంది పడతారు. ఉత్త గంభీరత కోసం వచ్చినవాళ్లు బెల్లుల దగ్గర ఇబ్బంది పడతారు. రోజూ సైకిలు తొక్కేవాళ్లకు మాత్రం రెండూ సహజంగా తోస్తాయి. తెల్లవారుజామున పల్లం దిగుతుంటే మొహానికి గాలి తగిలి దానంతటదే వచ్చే నవ్వు వాళ్లకు తెలుసు. వెనక నుంచి లారీ హారన్ మోగి, మోచేతి పక్కనే దూసుకెళ్లినప్పుడు ఒళ్లు చల్లబడటమూ తెలుసు. రోడ్డు పక్కన స్తంభానికి కట్టిన తెల్ల సైకిలు ముందు నుంచి వెళ్లడమూ తెలుసు. సైక్లిస్టు చనిపోయిన చోట సైకిలుకు పూర్తిగా తెల్ల రంగు వేసి నిలబెట్టే ఆ ఆనవాయితీ 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలై దేశదేశాలకు పాకింది. బతుకులోనే ఆ రెండూ పక్కపక్కన ఉంటే, ప్రార్థనలో విడదీయడం ఎలా?

నవ్వు క్రైస్తవానికి బయటి నుంచి వచ్చిన చుట్టం కాదు. ముసలితనంలో కొడుకు పుడతాడని విని శారా నవ్వింది. పుట్టిన బిడ్డకు ఇస్సాకు అని పేరు పెట్టారు. ఆ పేరుకు అర్థమే నవ్వు. వాగ్దానపు బిడ్డ పేరు నవ్వు అయినప్పుడు, దేవుని సన్నిధిలో నవ్వకూడదని ఎవరు చెప్పగలరు? మధ్యయుగాల్లో జర్మన్ భాషా ప్రాంతాల్లో ఈస్టరు పూట ప్రసంగీకులు హాస్య కథలు చెప్పి జనాన్ని కడుపుబ్బ నవ్వించేవారు. మరణం ఓడిపోయిన రోజు కాబట్టి నవ్వాలి అని. ఆ కథలు హద్దు మీరుతున్నాయని ఎకొలాంపాడియస్ అనే పండితుడు 1518లో గట్టిగా మందలించాడు. అతని మందలింపులోనూ న్యాయం ఉంది. పీఠం మీద నిలబడి బూతులు చెబితే అది ఈస్టరు నవ్వు కాదు. పదహారో శతాబ్దంలోనే రోములో పునీత ఫిలిప్ నేరి ఉన్నాడు. తనను జనం మహాత్ముడని మొక్కడం ఎక్కువైనప్పుడు, సగం గడ్డం గీయించుకుని వీధిలోకి వచ్చాడని చెప్పుకుంటారు. గర్వాన్ని తరమడానికి అతనికి నవ్వు కన్నా మంచి కర్ర దొరకలేదు.

ఎక్కడ నవ్వాలి, ఎక్కడ నవ్వకూడదు అన్నదానికి నా దగ్గర ఒక కొలత ఉంది. ఎవరి నవ్వు అన్నదే ఆ కొలత. వంటింట్లో అమ్మ చేతివంట మీద ఇంట్లోవాళ్లు వేసే ఛలోక్తి, ఆ వంట రోజూ తినేవాళ్లది. దారిన పోయేవాడు తొంగి చూసి అదే మాట అంటే ఊరుకోం. ఆ రోజు ఫాదర్ గారి తుప్పు మాటకు నవ్వినవాళ్లంతా ఆ నీళ్ల కోసమే వచ్చి నిలబడ్డవాళ్లు. తాము మోకరిల్లే చోట నవ్వే మనిషి నవ్వులో చిన్నచూపు ఉండదు. పవిత్రమైనదాన్ని తాకితే పగిలిపోయే గాజు వస్తువులా చూడటమే, నా దృష్టిలో, దాన్ని తక్కువ అంచనా వేయడం.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. దీవెన ఇచ్చి దారి ఇవ్వకపోవడం. సైకిళ్ల దీవెన రోజున వచ్చి, చిరునవ్వుతో ఫొటో దిగి, సైకిళ్లకు ప్రత్యేక దారి వేయమంటే మొహం తిప్పుకునే అధికారులు ఎక్కడైనా ఉంటారు. ప్రార్థన అయ్యాక కారెక్కి, అంతకుముందే తమ పక్కన మోకరిల్లిన సైక్లిస్టును అంగుళం దూరంలో దాటేసే విశ్వాసులూ ఉంటారు. వీళ్లకు యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివి వినిపించాలి. ఆకలితో, బట్టల్లేక ఉన్న సోదరుడితో, ఏమీ ఇవ్వకుండా, సుఖంగా వెళ్లు, వెచ్చగా ఉండు, కడుపు నింపుకో అని చెప్పి పంపేస్తే ఏం లాభం అని అడుగుతాడు యాకోబు. వట్టి దీవెన మీద ఇంతకన్నా ఘాటైన మాట నేను చదవలేదు. సైకిలు మీద వచ్చినవాడితో క్షేమంగా వెళ్లు అని చెప్పి, క్షేమంగా వెళ్లే దారి లేకుండా చేస్తే అదీ ఆ కోవలోకే వస్తుంది. దీని ముందు నవ్వు చాలా చిన్న విషయం. నాన్నగారి బాధ నవ్వు మీద కాక దీని మీద ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను.

అందుకే ఫాదర్ గారు బ్రేకు నొక్కి చూడటం నాకంత నచ్చింది. ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడిపోతే ఆ రక్తదోషం ఇంటి మీదకు వస్తుంది. దేవుడే కాపాడతాడు, గోడ ఎందుకు అనలేదు ఆ ధర్మశాస్త్రం. గోడ కట్టడాన్నే దేవుని మాటగా చెప్పింది. బ్రేకు కూడా పిట్టగోడే. దాన్ని నొక్కి చూసిన చెయ్యి, నీళ్లు చల్లిన చెయ్యి ఒక్కటే కావడంలోనే ఆ దీవెన పూర్తయింది. నాన్నగారికి ఈ మాట కూడా చెప్పాను. "పాస్టరు గారికి చెబుతాను, పిట్టగోడ మీద ప్రసంగం విని చాలా కాలమైంది" అన్నారు.

ఇక ఆ రోజు చివర్లో జరిగింది చెప్పి ఆపేస్తాను. నాకు ఎడమ పక్కన ఒక నడివయసు స్త్రీ నిలబడింది. ఆమె పట్టుకున్న సైకిలు ఆమెది కాదని చూడగానే తెలిసిపోతుంది. పొడవాటి మగమనిషికి సరిపడేలా సీటు బాగా పైకి ఎత్తి ఉంది. దాన్ని ఎక్కి రాలేదు, నడిపించుకుంటూ వచ్చింది. హ్యాండిలు పిడుల మీది నల్లని రబ్బరు, వేళ్లు పట్టుకునే చోట్ల నున్నగా అరిగి మెరుస్తోంది. నేనేమీ అడగలేదు. ఫాదర్ గారు బ్రేకులు నొక్కి చూసి, చక్రం తిప్పి, ఏమీ మాట్లాడకుండా నీళ్లు చిలకరించి, హ్యాండిలు మీద ఉన్న ఆమె చేతి మీద ఒక్క క్షణం తన చెయ్యి ఉంచారు.

నూట ఇరవై ఒకటో కీర్తన చదివారు. నీ పాదం తొట్రిల్లనివ్వడు, నీ రాకపోకల్లో నిన్ను కాపాడతాడు అనే కీర్తన. తరవాత దారిలో ప్రాణాలు పోయినవాళ్ల కోసం మౌనం. గాలికి ఎవరిదో చక్రం మెల్లగా తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. పొరపాటున కూడా మోగకూడదన్నట్టు ఆమె తన అరచేతితో బెల్లును మూసి పట్టుకుంది.

"ఆమెన్ నోటితో వద్దు, బెల్లుతో చెప్పండి" అన్నారు ఫాదర్ గారు. మెట్ల ముందంతా ఒక్కసారి మోత. కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఆమె చెయ్యి తీయలేదు. ముందు వరుసలో మూడు చక్రాల సైకిలు మీద కూర్చున్న పాప వెనక్కి తిరిగి ఆమెను చూసి, "మీ బెల్లు పాడైపోయిందా?" అని అడిగింది.

"లేదమ్మా, మోగుతుంది" అని ఆమె చెయ్యి తీసి, రెండుసార్లు మోగించింది.